పెర్ల్ సీజీఐలో ఆర్గ్యుమెంట్లు స్థానం మారుతుంటే

సబ్‌రొటీన్‌కి పేరు, ఊరు, ఫోన్ పంపితే పేరు ఉండాల్సిన చోట ఊరు కనిపిస్తోందా? ముందు చూడాల్సింది సబ్‌రొటీన్‌ని కాదు, దాన్ని పిలిచే లైన్‌ని. ఫారం ఫీల్డ్ విలువ తెచ్చే పారమ్ (param) ఫంక్షన్‌ని బ్రాకెట్ల మధ్య నేరుగా రాస్తే అది లిస్ట్ కాంటెక్స్ట్‌లో, అంటే ఎన్ని విలువలైనా ఇచ్చే తీరులో నడుస్తుంది. ఫారంలో ఆ ఫీల్డ్ లేకపోతే అన్‌డెఫ్ (విలువ లేదని చెప్పే గుర్తు) కూడా రాదు, ఖాళీ లిస్ట్ వస్తుంది. దాంతో వెనకవన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి. యూఆర్ఎల్‌లో అదే ఫీల్డ్ రెండుసార్లు ఉంటే ఒక విలువ అదనంగా చేరుతుంది. హ్యాష్ (కీ, విలువ జతల పట్టిక) కట్టేచోట ఇది మరీ ప్రమాదం: బయటివాళ్లు తమకు కావాల్సిన కీ, విలువ లోపలికి దూర్చేయగలరు. అందుకే ప్రతి పారమ్ ముందూ స్కేలార్ (scalar) అని రాయండి, అప్పుడు ఒక్క విలువే వస్తుంది.

అయినా తేడా ఉంటే, సబ్‌రొటీన్ మొదటి లైన్‌లోనే @_ ని (వచ్చిన ఆర్గ్యుమెంట్ల లిస్ట్) డేటా డంపర్ (విలువల్ని చదవగలిగేలా చూపే మాడ్యూల్)కిచ్చి వార్న్ చేయండి. ప్రింట్ వద్దు, హెడర్ కంటే ముందు వెళ్తే 500 ఎర్రర్ వస్తుంది. వార్న్ అయితే మామూలుగా సర్వర్ ఎర్రర్ లాగ్‌లో పడుతుంది. మొదటి విలువగా ఆబ్జెక్టో క్లాస్ పేరో కనిపిస్తే -> తో పిలిచారన్నమాట, ఆ మొదటి విలువని తీసేసే ఒక షిఫ్ట్ చేర్చండి. బ్రాకెట్లు లేకుండా & తో పిలిస్తే మాత్రం పిలుస్తున్న సబ్‌రొటీన్ తాలూకు @_ యథాతథంగా వచ్చేస్తుంది. & తీసేసి బ్రాకెట్లు పెట్టండి.