ఎండలో షాట్ సాఫ్ట్‌గా (పదును లేకుండా) వస్తే తప్పు లెన్స్‌దేనా?

కర్నూలు, కడప వైపు షూటింగ్ పెట్టుకుంటే లెన్సులు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రావాలి. తేడా వచ్చిందని మార్చుకోవాలంటే ఒక రోజు షూటింగ్ పోయినట్టే. అందుకే పెట్టె వెనక్కి పంపే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: టెలి లెన్స్‌లో (దూరాన్ని దగ్గరగా చూపే లెన్స్) ముఖం అలలు అలలుగా కదులుతోంది, ఫోకస్ దొరకడం లేదు.

గండికోటలో మాకు ఇదే ఎదురైంది. మిట్టమధ్యాహ్నం, బండల మీద దూరంగా నిలబడ్డ నటుడికి 200 ఎం.ఎం. వేశాం. నాలుగు టేకులూ సాఫ్ట్. అందరం ఫోకస్ పుల్లర్ (ఫోకస్ తిప్పే అసిస్టెంట్) మీద పడ్డాం. పాపం, ఆ అబ్బాయి టేపు పెట్టి మళ్లీ మళ్లీ కొలిచాడు. చివరికి క్లాప్ బోర్డును చెట్టు నీడలో 15 అడుగుల దూరంలో పెట్టి, అదే లెన్స్‌తో, అదే స్టాప్‌లో (లెన్స్ ఎంత తెరిచామన్న కొలత) చూస్తే సుద్దతో రాసిన గీతలు కూడా స్పష్టంగా కనిపించాయి. లెన్స్ బాగుంది, పుల్లర్ తప్పూ లేదు. కాలిన బండ మీద నుంచి లేచే వేడి గాలి వెలుతురును వంచేస్తోంది. దూరం పెరిగేకొద్దీ మధ్యలో ఆ గాలి కూడా పెరుగుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ తెచ్చినా దీనికి మందు కాదు. దగ్గరికి వెళ్లి 50 గానీ 85 గానీ వేయండి. కెమెరాను నేల నుంచి పైకి లేపండి. టెలి షాట్ తప్పదంటే పొద్దున్నే, బండ వేడెక్కకముందే తీసేయండి. ఆ రోజు పుల్లర్‌ని అన్న మాటలు నాకింకా బాధగానే ఉన్నాయి.

సమస్య: ఎండలో ప్రతి షాటూ కొంచెం మెత్తగా ఉంది.

స్టాప్ చూడండి. టి16, టి22 దాకా మూసి ఉంటే ఏ లెన్స్ అయినా పదును కోల్పోతుంది. 800 ఐఎస్ఓ, సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ పెట్టుకుని నిండు ఎండలో టి4కి రావాలంటే దాదాపు 8 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం) తగ్గించాలి, అంటే ఎన్‌డీ (వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టర్) 2.4.

సమస్య: అంత ఎన్‌డీ వేశాక నల్ల చొక్కా గోధుమరంగులోకి తిరిగింది.

మామూలు ఎన్‌డీ కంటికి కనిపించే వెలుతురును ఆపుతుంది కానీ ఇన్‌ఫ్రారెడ్‌ను చాలావరకు వదిలేస్తుంది. కొన్ని సింథటిక్ నల్ల బట్టలు దాన్ని బాగా వెనక్కి కొడతాయి. ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపే ఐఆర్ ఎన్‌డీ వాడండి. డీఐలో (ఎడిటింగ్ తర్వాత రంగులు దిద్దే దశ) సరిచేద్దాంలే అనుకోవద్దు, నలుపును సరిచేయబోతే చర్మం రంగు పాడవుతుంది. కాస్ట్యూమ్‌ను ముందురోజే కెమెరా ముందు ఎండలో నిలబెట్టి చూస్తే ఈ టెన్షన్ ఉండదు.

సమస్య: 18 ఎం.ఎం.లో లెన్స్ మీది దూరం మార్కులు కలవడం లేదు, 100లో కలుస్తున్నాయి.

కెమెరా మౌంట్ లోతులో (లెన్స్ తగిలించే అంచు నుంచి సెన్సర్ దాకా దూరం) తేడా ఉంది. సినిమా లెన్సులకు వాడే పీఎల్ మౌంట్‌కి అది 52 మిల్లీమీటర్లు. వెంట్రుక మందం తప్పినా వైడ్‌లో బయటపడుతుంది. జూమ్‌తో టెలి వైపు ఫోకస్ చేసి వైడ్‌కి లాగితే ఫోకస్ జారిపోయినా ముందు అనుమానించాల్సింది దీన్నే. లొకేషన్‌లో స్క్రూలు విప్పవద్దు. షిమ్ (మౌంట్ కింది పలచని రేకు) మార్చడం సర్వీసు వాళ్ల పని. ఆలోగా లెన్స్ మీది అంకెలు వదిలేసి, మానిటర్‌లో పెద్దది చేసి చూసుకుంటూ లెన్స్‌కి అంటించిన టేపు మీద కొత్త మార్కులు వేసుకోండి. ఒక్క లెన్స్‌లోనే తేడా ఉంటే ఆ ఒక్కటి పక్కన పెట్టండి చాలు.

సమస్య: సాయంత్రం ఎదురెండలో బొమ్మంతా పాలిపోయింది.

మ్యాట్ బాక్స్ (లెన్స్ ముందు ఎండకు అడ్డుగా తగిలించే పెట్టె) పైన అరచేయి అడ్డం పెట్టండి. నలుపు తిరిగి వస్తే ఫ్లాగ్ (వెలుతురుకు అడ్డం పెట్టే నల్ల గుడ్డ) కడితే సరిపోతుంది. రాకపోతే ముందు అద్దం మీద దుమ్ము చూడండి, ఓర్వకల్లు రాళ్ల దగ్గర గాలి లేస్తే పది నిమిషాల్లో పేరుకుంటుంది. బ్లోయర్‌తో ఊదాకే తుడవాలి, లేకపోతే కోటింగ్ గీసుకుపోతుంది. అయినా తగ్గకపోతే లెన్స్ తీసి వెనక నుంచి ఫోన్ టార్చ్ కొట్టండి. లోపల సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, అప్పుడు మాత్రం వెనక్కి పంపాల్సిందే.

సమస్య: ఫ్రేము మూలలు నల్లబడ్డాయి.

చిన్న సెన్సర్ కోసం చేసిన సూపర్ 35 లెన్స్‌ను పెద్దదైన ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కి తగిలించి ఉంటారు. కెమెరాలో సూపర్ 35 మోడ్‌కి మారండి. రిజల్యూషన్ తగ్గుతుంది, నిర్మాతకు ఆ మాట ముందే చెప్పండి.