ఎంబీఏకి పెట్టిన డబ్బు జీతంలో తిరిగొస్తుందా? లెక్క వేసుకోవడం ఎలా

ఎంబీఏకి ఎంత ఖర్చవుతుందని అడిగితే అందరూ ఫీజు చెబుతారు. ఉద్యోగం మానేసి చదివేవాళ్లకు అంతకన్నా పెద్ద ఖర్చు ఇంకోటి ఉంటుంది: ఆ రెండేళ్లూ చేతికి రాని జీతం. లెక్క అక్కడే మొదలుపెడదాం. కాగితం, పెన్ను చాలు.

1. పెట్టుబడి మొత్తం రాయండి

పన్నులు పోను ఇప్పుడు ఏడాదికి చేతికొచ్చేది 100 అనుకుందాం, ఏటా 10 పెరుగుతోంది. రెండేళ్ల కోర్సులో చేరితే 100, 110 కలిపి 210 పోయినట్టే. ఫీజు 150. మొత్తం 360. ఫీజంతా మొదట్లోనే 10 శాతానికి అప్పు తెస్తే, బారువడ్డీ వేసినా రెండేళ్లకు మరో 30. వెరసి 390. తిండి ఖర్చు కలపకండి, చదివినా చదవకపోయినా తింటాం కదా. హాస్టల్ వల్ల అదనంగా అయ్యేది మాత్రం కలపండి.

2. రాబోయే జీతం తెలుసుకోండి

బ్రోచర్ మొదటి పేజీలో మెరిసే హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. సగటు కూడా మోసమే. పదిమందిలో తొమ్మిదిమందికి 150, ఒక్కరికి 600 వస్తే సగటు 195. ఆ 195 నిజానికి ఎవరి జేబులోకీ రాలేదు! అందుకే మీడియన్, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న జీతం ఎంతో అడగండి. ఎంతమంది జీతాలు చూసి ఆ అంకె చెప్పారో కూడా అడగండి. ఉద్యోగం రానివాళ్లను పక్కన పెట్టేస్తే ఏ అంకైనా అందంగానే ఉంటుంది. జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది, తీసేయండి.

3. తేడా చూడండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చదువయ్యాక పన్నులు పోను 180 వస్తుందనుకోండి. ‘100 నుంచి 180కి, అంటే 80 లాభం’ అని సంబరపడతారు. కానీ చదవకుండా అదే ఉద్యోగంలో ఉంటే అప్పటికి 120 వచ్చేది. అసలు లాభం 60. 390ని 60తో భాగిస్తే ఆరున్నరేళ్లు, అదీ చదువు పూర్తయ్యాక. అప్పటిదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

4. వేరే దారులకూ ఇదే లెక్క వేయండి

ఏడాది కోర్సు ఫీజు 120, పోయే జీతం 100, వడ్డీ 12: మొత్తం 232. లాభం అదే 60 అయితే నాలుగేళ్లలోపే తేలిపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన బిజినెస్ స్కూల్ ఇన్సీడ్‌లో ఎంబీఏ కోర్సు 10 నెలలే. కాకపోతే పొట్టి కోర్సుల్లో వేసవి ఇంటర్న్‌షిప్‌కు టైం దొరకడం కష్టం. పూర్తిగా వేరే రంగంలోకి మారాలనుకునేవాళ్లకు అది చిన్న లోటు కాదు. పార్ట్‌టైమ్‌లో జీతం పోదు, నిద్ర పోతుంది.

5. మీలాంటివాళ్లను వెతకండి

డిగ్రీ పాఠాలు నేర్పడమే కాక, ‘ఈ మనిషి పనికొస్తాడు’ అని కంపెనీకి సిగ్నల్ కూడా ఇస్తుందని ఆర్థికవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లో చెప్పారు. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. పెద్ద పేరున్న కాలేజీకి గిరాకీ కొంత అందుకే. పేరు లేని చోట ఆ సిగ్నల్ బలహీనం, ఫీజు మాత్రం తక్కువేమీ కాకపోవచ్చు. కాబట్టి మీరు చేరాలనుకున్న కాలేజీలో మూడేళ్ల కిందట చదువు ముగించినవాళ్లను, మీలాగే అదే రంగం, అదే అనుభవంతో చేరినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో ఓ పదిమందిని వెతకండి. టాపర్లను వదిలేయండి. ఇప్పుడు ఏం చేస్తున్నారో చూసి ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టండి. జీతం ఎంతని సూటిగా అడగక్కర్లేదు. అప్పు తీరిందా అని అడగండి.