జైసల్మేర్ ఒంటె సఫారీకి వెళ్లేవాళ్లకి

బెంగళూరు నుంచి జోధ్‌పూర్‌కి నేరుగా రైలుంది, అక్కణ్ణుంచి జైసల్మేర్‌కి మరో రైలు. రెండు రాత్రుల సఫారీ బేరం చేసేటప్పుడు ధరకన్నా ముందు అడగాల్సినవి: మనిషికో ఒంటా, ఇద్దరికి ఒకటా? రోజుకి ఎన్ని గంటల స్వారీ? తాగడానికి మనిషికి రోజుకి 4 లీటర్ల సీల్డ్ నీళ్లు ఇస్తారా? సమ్ ఇసుక దిబ్బల దగ్గర జనం, పాటల మోత ఎక్కువ. ప్రశాంతంగా ఉండాలంటే ఖురీ ఊరి వైపు దిబ్బలే మేలు.

జీన్స్ మాత్రం వద్దు. దాని మందపాటి కుట్టు తొడల్ని ఒరుసుకుని రెండో రోజు కూర్చోనివ్వదు. వదులు కాటన్ ప్యాంటు వేసుకుని, జీను మీద దుప్పటి మడతపెట్టి వేయించుకోండి. చాలా జీనులకి పాదాలు పెట్టుకునే రికాబులుండవు, కాళ్లు వేలాడి పట్టేస్తాయి. గంటకోసారి దిగి కాసేపు నడవండి. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది కాబట్టి మనం ముందుకి తూలతాం. జీను గట్టిగా పట్టుకుని వెనక్కి వాలాలి. కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది, అప్పుడూ వెనక్కే.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 10 డిగ్రీల లోపుకి దిగుతుంది. చెన్నైవాళ్లు ఇంట్లో ఉన్న పల్చటి స్వెటర్ని నమ్ముకోవద్దు: థర్మల్స్, మంకీ క్యాప్, రెండు జతల సాక్సులు తప్పనిసరి.