కాంటర్‌బరీ కథల్ని వైజాగ్‌లో నాటకంగా వేయాలంటే

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్ని, అంటే కాంటర్‌బరీకి తీర్థయాత్ర వెళ్ళేవాళ్ళు దారిలో చెప్పుకునే కథల్ని, తెలుగులో ఆడదామనుకునేవాళ్ళు ముందుగా ఉన్న 24 కథల్లో నాలుగైదు ఏరుకుని వరుసగా పేర్చేస్తారు. దయచేసి అలా చేయకండి. అసలు నాటకమంతా కథకీ కథకీ మధ్యలో ఉంది. టబార్డ్ సత్రం నుంచి బయల్దేరిన యాత్రికులు దారంతా దెప్పుకుంటారు, ఒకరి మాటకి ఒకరు అడ్డుపడతారు, పగ తీర్చుకోవడానికే కథ ఎత్తుకుంటారు. యోధుడి కథ అయ్యాక, వాళ్ళతోనే వస్తున్న సత్రం యజమాని ఒక సన్యాసిని చెప్పమంటే, తాగి ఉన్న మిల్లర్ (పిండిమర వాడు) మధ్యలో దూరి వడ్రంగిని వెక్కిరించే కథ చెప్తాడు. ఒకప్పుడు వడ్రంగం చేసిన రీవ్‌కి (జమీందారీ వ్యవహారాలు చూసేవాడు) అది విని ఒళ్ళు మండిపోయి, వెంటనే ఒక మిల్లర్‌ని అల్లరిపాలు చేసే కథ చెప్తాడు. స్క్రిప్టులో ముందు ఈ గొడవలు రాసుకోండి.

గంటన్నరకి మూడు కథలు చాలు. మొదటి ఓటు నాదైతే పార్డనర్ (చర్చి పేరుతో పాపక్షమాపణ పత్రాలు అమ్మేవాడు) కథకే. చావుని చంపుతామని బయల్దేరిన ముగ్గురు తాగుబోతులు చెట్టు కింద బంగారం చూసి, ఒకరినొకరు చంపుకుంటారు. ఇలాంటి కథే మన బౌద్ధుల వేదబ్భ జాతకంలో ఉంది, తొట్లకొండ, బావికొండ లాంటి బౌద్ధ క్షేత్రాలున్న ఊళ్ళో ఈ సంగతి ప్రేక్షకులకి కచ్చితంగా చెప్పాలి. అయితే శవాల దగ్గర లైట్లు ఆపేయకండి. డబ్బాశ పాపమని అంతసేపు చెప్పిన పార్డనర్ వెంటనే సాధువులవని చెప్పే దొంగ అవశేషాలు చూపించి డబ్బులడుగుతాడు, సత్రం యజమాని నోటికొచ్చినట్టు తిడతాడు, యోధుడు రాజీ చేస్తాడు. క్లైమాక్స్ అదీ. మిగతా రెండూ కోడిపుంజు-నక్క కథ, బాత్ ఊరి ఆవిడ కథ తీసుకోవచ్చు. ప్రయరెస్ (మఠం పెద్ద సన్యాసిని) కథ మాత్రం వద్దు, అందులో యూదుల మీద విషం ఉంది.

ఎనిమిది మంది నటులు సరిపోతారు. కథ చెప్పేవాళ్ళు స్టేజీ మీదే ఉంటే, మిగతావాళ్ళు తువ్వాలు మార్చుకుని పాత్రలైపోతారు. సత్రం యజమాని వేషం బుర్రకథ తెలిసినవాళ్ళకివ్వండి, కథ ఎక్కడ ఆపి జనం వైపు తిరగాలో వాళ్ళకి తెలుసు. మూలంలో యాత్రికులు గుర్రాల మీద వెళ్తారు, మనం నడిపిద్దాం. ఆ నడక కోసం టీమంతా ఒకసారి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళి రండి, 32 కిలోమీటర్ల దారిలో ఎవరు వెనకబడతారో, పరిచయం లేనివాళ్ళు మాటలెలా కలుపుతారో చూస్తే రిహార్సల్స్‌లో టెన్షన్ సగం తగ్గుతుంది.

యాస విషయంలో జాగ్రత్త. రీవ్ కథలో చాసర్ ఇద్దరు విద్యార్థుల చేత ఉత్తర ఇంగ్లండ్ యాస మాట్లాడించాడు, చివరికి గెలిచేదీ వాళ్ళే. శ్రీకాకుళం యాసని నౌకరు పాత్రకే కట్టబెట్టే అలవాటు మనం మానాలి. యోధుడికివ్వండి, ఎంత హుందాగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

చాసర్ 1400లో పోయాడు కాబట్టి మూలానికి హక్కుల గొడవ లేదు. ఈమధ్య వచ్చిన ఇంగ్లీషు అనువాదం పట్టుకుని రాస్తే మాత్రం అనుమతి కావాలి, హాలు బుక్ చేసే ముందే అడగండి.