మెట్లు దిగలేకపోతున్న పిల్లలు: ఆట తర్వాతి ఒళ్లు నొప్పులకు సమస్య - పరిష్కారం

దసరా సెలవులు ఊళ్లో గడిపి బెంగళూరుకు తిరిగొచ్చిన వారంలో ఏ బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్లినా, ఎవరు ఎన్నాళ్లు రాకెట్ ముట్టలేదో పిల్లల నడకే చెప్పేస్తుంది. మొదటి రోజు హుషారుగా ఆడినవాళ్లే మర్నాడు పొద్దున రెయిలింగ్ పట్టుకుని, ఒక పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతుంటారు. ఇంట్లో వెంటనే బామ్ డబ్బా మూత తీస్తారు. అంతకన్నా ముందు పిల్లను మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ నొప్పి? ఎప్పుడు మొదలైంది? కాసేపు నడిస్తే తగ్గుతోందా, పెరుగుతోందా? మందు సంగతి ఆ తర్వాత.

సమస్య: ఆడిన మర్నాడు తొడలు, పిక్కలు, పిరుదులు పట్టేశాయి

ఆడిన 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో మూడో రోజుకు బాగా పెరిగి, వారంలోపు పోయే నొప్పి ఇది. అరచేత్తో తొడంతా తడిమి "ఇక్కడంతా" అని చూపిస్తారు. లేచిన కొత్తలో బిగుసుకుపోయి ఉంటుంది. కాస్త తిరిగితే సడలుతుంది.

కారణం: కండరం సాగుతూ బరువును ఆపాల్సి రావడం. నెట్ దగ్గరి షటిల్ కోసం కాలు ముందుకు చాచి దూకినప్పుడు, ఒళ్లు ముందుకు తూలిపోకుండా ఆపేది తొడ ముందు కండరమే. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టమయ్యేది కూడా ఇందుకే, అక్కడా అదే పని. అలవాటు లేనప్పుడు ఈ పని ఎక్కువైతే కండరపు పోగుల్లో సూక్ష్మమైన చిరుగులు పడతాయి. శరీరం వాటిని బాగుచేసుకునే క్రమంలో వాపు, నొప్పి వస్తాయి. కుడిచేతి వాటం పిల్లలకు కుడి తొడ ఎక్కువ నొప్పెడితే కంగారుపడక్కర్లేదు, ఆ కాలే ఎక్కువసార్లు ముందుకు పడుతుంది. "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది" అనే మాట మాత్రం ఇక వదిలేయాలి. ఆట ఆపిన గంటా గంటన్నరలోనే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పితో దానికి సంబంధం లేదు.

పరిష్కారం: అన్నిటికన్నా పనిచేసేది తేలికైన కదలిక. మంచం మీద పడుకోబెడితే బిగువు ఇంకా పెరుగుతుంది. ఇరవై నిమిషాలు నడవడం, తేలిగ్గా సైకిల్ తొక్కడం, అందుబాటులో ఉంటే ఈత సరిపోతాయి. ఆట ముగియగానే కారెక్కించి సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో గంటసేపు మోకాళ్లు మడిచి కూర్చోబెట్టడం మన ఊరి ప్రత్యేకత. కారెక్కే ముందు పది నిమిషాలు నడిపించండి.

నువ్వుల నూనెతో అమ్మమ్మ చేసే మర్దనకు అడ్డు చెప్పకండి, నొప్పి కొంత తగ్గుతుంది. కాకపోతే చేయి తేలిగ్గా పడాలి. "గట్టిగా పిసికితే ముడి విడిపోతుంది" అని పిల్ల కళ్లలో నీళ్లు తెప్పించడం చిరిగిన చోటే మళ్లీ లాగడం. వేడి కాపడం హాయిగా ఉంటే పెట్టవచ్చు, కానీ బామ్ రాసిన చోట వద్దు, చర్మం కాలుతుంది. సాగదీసే వ్యాయామాలు చేయించవచ్చు గానీ, వాటితో మర్నాటి నొప్పి తగ్గేది చాలా స్వల్పం.

ఇక ఐసు తొట్టి. 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే నొప్పి కాస్త తగ్గుతుందన్నది నిజమే. వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లున్న పెద్ద ఆటగాళ్లకు అర్థముంది. బరువులెత్తే సాధన తర్వాత రోజూ అలా చేస్తే కండరం బలపడటమే మందగించవచ్చు. పైగా 2024 వేసవిలో ట్యాంకర్ కోసం వరుసలో నిలబడిన ఊళ్లో, పదమూడేళ్ల పిల్ల కోసం తొట్టెడు నీళ్లు పోసి ఐసు కొనడం నా దృష్టిలో వృథా.

తిండికి డబ్బాల పొడి అక్కర్లేదు. ఆట కాగానే అరటిపండు, ఇంటికి రాగానే అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు చాలు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్, గ్లాసు పాలలో 8 గ్రాములు దొరుకుతాయి. అసలు మందు నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. అయిదున్నర బ్యాచ్‌కు లేపి, రాత్రి పదకొండు దాకా ట్యూషన్ హోంవర్క్ చేయిస్తే ఏ నూనె ఏం చేస్తుంది?

నొప్పి మాత్ర వేసి ఆడించడం మాత్రం వద్దు. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో ఐబుప్రొఫెన్ మూత్రపిండాల మీద భారం వేస్తుంది. పైగా ఆపమని చెప్పే నొప్పిని కప్పేస్తుంది. పిల్లలకు ఆస్పిరిన్ సొంతంగా ఎప్పుడూ ఇవ్వకూడదు.

సమస్య: ఆడుతుండగానే పిక్క రాయిలా గట్టిపడి పట్టేసింది

ఇది కొంకర. అలసిన కండరం బిగుసుకుని వదలకపోవడం. చెమటతో నీరు, ఉప్పు పోవడం కూడా తోడవుతుంది. మోకాలు చాపి, పాదం వేళ్లను మెల్లగా ముఖం వైపు వంచి పట్టుకుంటే వదులుతుంది. తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ. ఆ పూటకు ఆట చాలు.

సమస్య: ఒక్క వేలితో ఒకే చోటు చూపిస్తోంది

ఇక్కడ మర్దన ఆపండి. ఎదిగే పిల్లల్లో ఎముక కన్నా, దాని చివర కండరం అతుక్కునే మెత్తటి భాగం బలహీనంగా ఉంటుంది.

మోకాలి చిప్ప కింద ఉబ్బెత్తు ఎముక మీద బొటనవేలితో నొక్కండి. పిల్ల కాలు లాక్కుంటే అది తొడ కండరం ఆ ఎముకను పదేపదే లాగడం వల్ల వచ్చింది. ఎక్కువగా 10 నుంచి 15 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. మడమను రెండు వైపుల నుంచి అరచేతులతో నొక్కితే నొప్పెడితే అక్కడా ఇలాంటి సమస్యే, కాస్త చిన్న వయసు వాళ్లలో ఎక్కువ. రెండూ దూకుళ్లు, పరుగులు తగ్గిస్తే నెమ్మదిస్తాయి. ఎదుగుదల ఆగాక దాదాపుగా పోతాయి. ఒకసారి ఎముకల డాక్టరుకో, ఫిజియోకో చూపించి ఎంత ఆడవచ్చో తెలుసుకోవాలి.

నడుం వెనక్కి వంచితే ఒక పక్కనే పొడుచుకోవడం, పాదంలో ఒకే బిందువు దగ్గర రోజురోజుకూ పెరిగే నొప్పి అయితే ఎముకలో సన్నటి పగులు అయి ఉండవచ్చు. పి.వి. సింధు 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాక ఎడమ పాదంలో ఇలాంటి పగులే బయటపడి, ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమయ్యారు. అంతటి ఆటగత్తెకే ఆట ఆపక తప్పలేదు. కీలు వాచినా, కుంటుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా "రెండు రోజులు చూద్దాం" అనకండి.

సమస్య: ఒళ్లంతా నొప్పులు, తోడు జ్వరం

వానాకాలం బెంగళూరులో దీన్ని ఆట మీదకు నెట్టకండి, డెంగీ కావచ్చు. పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకుండా డాక్టరుకు చూపించండి. జ్వరం లేకపోయినా, కఠినమైన సాధన తర్వాత కండరాలు బాగా వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరం విపరీతంగా దెబ్బతిని, దాని పదార్థం మూత్రపిండాల దాకా చేరిందన్నమాట.

సమస్య: ఒక నొప్పి పోకముందే ఇంకొకటి

అకాడమీ, స్కూలు పీటీ, ఆదివారం టోర్నమెంటు. వీటిని ఎవరూ కలిపి లెక్క వేయరు. ఒకే ఆటలో వారానికి ఆడే గంటలు పిల్ల వయసును మించకూడదన్నది క్రీడా వైద్యులు చెప్పే మోటు లెక్క. పన్నెండేళ్ల పిల్లకు పన్నెండు గంటలు. వారంలో ఒక రోజైనా పూర్తి సెలవుండాలి. సెలవుల తర్వాత మొదటి వారం సగం సాధనతో మొదలుపెడితే, ఆ కండరమే అలవాటు పడి రెండో వారం అదే కసరత్తుకు అంతగా నొప్పెట్టదు. కోచ్‌తో ఈ మాట పిల్ల కాదు, మీరే మాట్లాడాలి. "సార్, కాలు నొప్పిగా ఉంది" అని పిల్ల అంటే సాకనుకునే కోచ్‌లు ఇంకా ఉన్నారు. ఏ రోజు ఎన్ని గంటలు ఆడింది, ఎక్కడ నొప్పెట్టింది అని ఒక కాగితం మీద రాసి చూపిస్తే వాళ్లూ వింటారు.