తైవాన్‌లోని షితా యూనివర్సిటీకి కొత్తగా వస్తున్నారా? ఇంగ్లిష్ అక్షరాలను నమ్మకండి

మొన్న కెమిస్ట్రీ పీహెచ్‌డీకి వచ్చిన తమ్ముడొకడు రెండు సూట్‌కేసులతో మెయిన్ క్యాంపస్ గేటు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. సైన్స్ విభాగాలు అక్కడ ఉండవు, గోంగ్‌గువాన్ క్యాంపస్‌లో ఉంటాయి. దారిన పోయే నలుగురిని ఆ పేరు చెప్పి అడిగాడట, ఒక్కరికీ అర్థం కాలేదు. వాడి గొంతు వణుకుతుంటే నా మొదటి నెలలు గుర్తొచ్చాయి. ఒక రాత్రి జ్వరంతో టాక్సీ ఎక్కి "గుటింగ్" అని మెట్రో స్టేషన్ పేరు ఐదుసార్లు చెప్పి, చివరికి దిగి నడిచాను.

రెసిడెంట్ కార్డు, సిమ్, మెట్రోకీ బస్సుకీ వాడే ఈజీకార్డు సంగతి మీ ఆఫీసువాళ్లే చెబుతారు. మెట్రోలో మాత్రం మంచినీళ్లు కూడా తాగకండి, ఫైన్ వేస్తారు. నేను చెప్పాలనుకున్నది భాష గురించి.

నేషనల్ తైవాన్ నార్మల్ యూనివర్సిటీని ఇక్కడ అందరూ షితా అంటారు. పేరులోని "నార్మల్" అంటే ఉపాధ్యాయ శిక్షణ. జపాన్ పాలనలో 1922లో పెట్టిన విద్యాసంస్థ ప్రాంగణంలో, 1946లో టీచర్ల కాలేజీగా మొదలై, 1967లో జాతీయ విశ్వవిద్యాలయమైంది. విదేశీయులకు మాండరిన్, అంటే ఇక్కడి చైనీస్ భాష, నేర్పే సెంటర్ 1956 నుంచీ నడుస్తోంది. ఇలాంటి చోటికి వచ్చి కూడా "మా ల్యాబ్‌లో ఇంగ్లిష్ చాలన్నా" అనేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. ల్యాబ్‌లో సరే, జ్వరమొస్తే?

స్టేషన్ బోర్డు మీద ఇంగ్లిష్‌లో జీ కనిపిస్తే మనం గ అంటాం. అక్కడ పలకాల్సింది క. కే ఉంటే ఖ. బీ ఉంటే ప, పీ ఉంటే ఒత్తు ఫ. డీ ఉంటే త, టీ ఉంటే థ. అంటే గుటింగ్ కాదు, కూథింగ్. గోంగ్‌గువాన్ కాదు, కుంగ్‌క్వాన్. ఇక్కడి పిల్లలు బడిలో మొదట నేర్చుకునే 37 గుర్తుల పట్టిక (ఇంగ్లిష్‌లో బోపోమోఫో అంటారు) చూడండి: ప ఫ మ, త థ న ల, క ఖ హ. మన వర్ణమాలలాగే నోట్లో పుట్టేచోటును బట్టి వరుసలు! ఇది తెలియక నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. ఆ పట్టికను తెలుగులో రాసి గోడకు అంటించుకోండి. ఒక్క జాగ్రత్త: మనం "ఫలం" అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగిలిస్తాం. అలా కాదు, పెదవులు రెండూ కలిపి గాలి వదలాలి. పళ్లు తగిలించే శబ్దానికి వేరే గుర్తుంది.

స్వరాలు (టోన్లు), అంటే గొంతు ఎత్తి దించడాన్ని బట్టి అర్థం మారడం, మాత్రం మనకు కొత్తే. "మాయ్" అని గొంతు దించి అంటే కొనడం, కోపంగా "పో!" అన్నట్టు విసిరి అంటే అమ్మడం. శాకాహారులు "సు" (శాకాహారం) అనే మాటను కూడా అలాగే విసిరి చెప్పాలి. దీనికి అడ్డదారి లేదు. రోజూ పైకి చదవాలి, సిగ్గుపడకూడదు.

సరే, ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలి. మనం తప్పు మాట్లాడితే ఇక్కడివాళ్లు నవ్వరు, ఓపిగ్గా మళ్లీ అడుగుతారు. చాలామందికి మూడో నెలకల్లా కొట్టు, టాక్సీ, క్లినిక్ వరకు మాటలు వచ్చేస్తాయి. మీకూ వస్తాయి. అప్పటికీ నోరు తిరగకపోతే ఆ పట్టిక పట్టుకుని ఆదివారం మా గదికి రండి, పెరుగన్నం తింటూ కూర్చుని చదువుదాం.