బార్ కౌంటర్ నల్లరాయిపై తెల్ల వలయాలు: రాయిని తిట్టే ముందు

ఇంట్లో బార్ కట్టించుకున్న నెల తిరక్కుండానే నాకు ఫోను వస్తుంది. చీమకుర్తి గెలాక్సీ (బంగారు మెరుపు చుక్కలున్న నల్ల గ్రానైట్) అని చెప్పి ఏదో నాసిరకం రాయి అంటగట్టారట, గ్లాసు పెట్టినచోటల్లా తెల్ల వలయం పడుతోందట. గోటితో గీకి చూశారా అని అడిగితే అవతల మౌనం.

ముందు గీకండి. గరుకుగా తగిలితే అది బోరు నీళ్ల ఉప్పు. కడిగిన గ్లాసును తడితోనే బోర్లిస్తే, నీరు ఆరి ఉప్పు మిగులుతుంది. సబ్బునీళ్లు చల్లి, కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి తోస్తే పొడిలా లేచివస్తుంది. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ పోసేవారికి మాత్రం నేను ఫోనులో జవాబు చెప్పను.

గోటికి ఏమీ తగలకపోతే అసలు దొంగ వేరే ఉన్నాడు. రాయికి మెరుపు కోసం పూసిన సీలర్ (రాయి రంధ్రాలు మూసే పూత) లేదా మైనం. గెలాక్సీ బాగా గట్టిరాయి, పూసినదాన్ని దాదాపు పీల్చుకోదు. అది పైనే పల్చటి పొరలా ఆరిపోతుంది. నిమ్మరసమో, చల్లటి సీసా అడుగున చేరిన చెమ్మో పాడుచేసేది ఆ పొరను, రాయిని కాదు.

ఇది నన్నూ ముంచింది. కొత్తపట్నం వైపు ఒక ఇంట్లో రెండుసార్లు మిషన్ పాలిష్ పట్టించాను. రెండుసార్లూ వారం తిరిగేలోగా నిమ్మచెక్క పెట్టినచోట గుండ్రటి మచ్చ తేలింది. మూడోసారి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పని అంతా అయ్యాక కుర్రవాడు సంచిలోంచి ఒక సీసా తీసి, గుడ్డతో కౌంటరంతా పూయబోయాడు. ముందు రెండుసార్లు ఆ సమయానికి నేను టీ తాగడానికి వెళ్లాను!

పరీక్ష సులువు. తెల్లటి దూదిని అసిటోన్‌లో (గోళ్లరంగును కరిగించే ద్రవం) తడిపి మచ్చమీద రుద్దండి. మచ్చ పోయి దూది జిగటగా మాసితే పొరే. అప్పుడు కౌంటరంతా తీసేయాలి. మచ్చ వరకే తుడిస్తే శుభ్రమైన ఆ చోటే కొత్త మచ్చలా కనబడుతుంది. జానెడు జానెడు చొప్పున రుద్ది, అసిటోన్ ఆరేలోగా పొడిగుడ్డతో లాగేయండి. ఆరనిస్తే కరిగిన పొర మళ్లీ అక్కడే అంటుకుంటుంది. గుడ్డలు మారుస్తూ ఉండాలి. అంచున పాలిష్ చెక్క, ప్లాస్టిక్ లైట్ పట్టీ ఉంటే టేపు వేసి కప్పండి, అసిటోన్ వాటిని తినేస్తుంది. కిటికీలు తెరవండి. అది ఇట్టే అంటుకునే ద్రవం కాబట్టి దీపం, పొయ్యి, సిగరెట్ దగ్గరలో ఉండకూడదు.

దూది నల్లబడిందా? రంగు పూసిన రాయి. గెలాక్సీలో నేను చూసింది తక్కువే. చవక నల్లరాళ్లలోనే ఎక్కువ. దానికి కొన్న దుకాణంలోనే తేల్చుకోవాలి. దూది తెల్లగానే ఉండి మచ్చ కదలకపోతే ఎవరో ఘాటైన యాసిడ్ వాడి ఉండొచ్చు. అదే అయితే మిషన్ పాలిష్ తప్పదు.

పాలిష్ పట్టించేటప్పుడు చివర్లో ఏమీ పూయవద్దని మేస్త్రీకి ముందే చెప్పండి. చెప్పాక కూడా అక్కడే కూర్చోండి. టీ అక్కడికే తెప్పించుకోవచ్చు.